బల్ల దగ్గర కుర్చీ

పోయిన శనివారం పాత కారు అమ్మకానికి పెట్టి డిక్కీ ఖాళీ చేస్తుంటే, స్పేరు టైరు పక్కన, పాత తువ్వాలు కింద ఒక చేతికర్ర కనిపించింది. పిడి దగ్గర రంగు వెలిసిపోయి, కొసకి రబ్బరు తొడుగుతో ఉంది. దాన్ని మరిచిపోయానని అనను. అది అక్కడ ఉందని నాకు తెలుసు. కారు అమ్మేనాడు దాన్ని ఏం చెయ్యాలన్నదే ఆలోచించుకోలేదు.

నా భార్య గుమ్మంలోంచి చూసింది.

"ఆవిడదే కదండీ?"

"ఆవిడదే."

"అప్పుడే ఇచ్చెయ్యలేకపోయారా?"

"ఇస్తానంటే వద్దంది. నువ్వూ విన్నావుగా."

"విన్నాను. అర్థమైతేగా," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకూ అర్థం కాలేదు. ఈ చలికాలం మొదట్లో ఆవిడ పోయింది. ఆవిడ గురించి నాకు తెలిసినవన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక మనిషి తయారవుతుందని కొన్నాళ్ళు ప్రయత్నించాను. తయారు కాలేదు. అయినా రాస్తున్నాను.

వెల్లింగ్టన్ శివార్లలోని జాన్సన్‌విల్‌లో మేము ఇల్లు కొన్న కొత్తలో కంచె అవతల కనిపించిన మొదటి మనిషి ఆవిడ. పొట్టి మనిషి. తెల్లజుట్టు మెడ దాకా కత్తిరించుకుని, ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కాతో ఉండేది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో వాళ్ళ దొడ్లో కాసిన, జామకాయల్లా ఉండే ఫిజోవా పళ్ళ సంచి. ఆ పళ్ళతో నా భార్య పప్పు చేసేది, పచ్చడి చేసేది. ఆవిడది చిలీ దేశం. వయసులో ఉండగా అక్కడ సైన్యం గద్దెనెక్కితే పారిపోయి ఇక్కడికి వచ్చి, ఒక ఆసుపత్రి వంటశాలలో పనిచేసి రిటైరైంది. పెళ్ళయిందా, పిల్లలున్నారా అని నేను అడగలేదు. పెద్దవాళ్ళని అలాంటివి అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. ఆవిడా చెప్పలేదు.

నన్ను "దోన్ వెసీనో" అని పిలిచేది.

"ఏమండీ, మిమ్మల్ని డాన్ అంటోంది," అని నా భార్య నవ్వింది.

కనుక్కుంటే, దోన్ అంటే మన "గారు" లాంటిదట. వెసీనో అంటే పక్కింటివాడట. మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కూడా నన్ను పేరు పెట్టి, అదీ సగానికి విరిచి పిలుస్తాడు. ఈ దేశంలో ఒక్క మనిషి "గారు" తగిలించి పిలవడం నాకు నచ్చింది. మాది అలా పిలిపించుకున్న ఇల్లు.

సాయంత్రాలు ఆవిడ వెనక మెట్ల మీద కూర్చుని, కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, ఒక గ్లాసు ఎర్ర వైను తాగేది. కొన్ని సాయంత్రాలు మాత్రం ఆ గ్లాసులో మంచినీళ్ళుండేవి. ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి అడిగాను.

"ఇవాళ ఎల్ సాల్వడార్‌లో ఎన్నికలు," అంది.

"మీది చిలీ కదా?"

"అవును, చిలీయే."

అంతకంటే చెప్పనవసరం లేదన్నట్టు నీళ్ళు తాగింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ప్రాంతంలో చాలా దేశాల్లో ఓటింగు రోజు మందు దుకాణాలు మూయిస్తారట. అందుకని స్పానిష్ మాట్లాడే దేశం ఏది ఓటు వేస్తున్నా, ఇక్కడ వెల్లింగ్టన్ గాలిలో కూర్చుని ఈవిడ వైను మానేసేది. మనకి ఆదివారం తెల్లారేసరికి వాళ్ళకింకా శనివారం గడవదు. ఎవరి ఆదివారం పాటించాలో తేలక రెండు రోజులూ మానేది. రెండు పంచాంగాల్లో ఏకాదశి రెండు రోజులొస్తే మా అమ్మమ్మ రెండు రోజులూ ఉపవాసం ఉండేది కాబట్టి ఆ సంగతి వరకు నాకు బోధపడింది. అసలు ఉపవాసం ఎందుకన్నదే బోధపడలేదు.

ఆవిడ లెక్కలో దేశాలు లేవు, వాటి ఎన్నికల సంఘాలే ఉన్నాయి. ఒకచోట ట్రిబ్యునల్, ఒకచోట కోర్టు, ఒకచోట కౌన్సిల్, ఒకచోట ఇన్‌స్టిట్యూట్, స్పెయిన్‌లో బోర్డు. పెళ్ళిలో చుట్టాలని పరిచయం చేసినట్టు చెప్పేది.

"ఉరుగ్వేది ముసలి అత్త. చాలామందికంటే ముందు పుట్టింది. కోస్టారికాది పెద్దక్క. ఆ దేశానికి సైన్యం లేదు. ఎన్నికలొచ్చాయంటే పోలీసులు అక్క చెప్పినట్టు వినాలి. మెక్సికో అన్నయ్య కలిగినవాడు. ఆయనిచ్చిన ఓటరు కార్డు జేబులో లేకపోతే అక్కడ బ్యాంకువాడు కూడా మొహం చూడడు."

"మరి పెరూ?" అని అడిగింది నా భార్య. ఆ రోజు మా వంటింట్లో టీ తాగుతున్నాం.

"పెరూకి ఒకటి చాల్లేదు. ముగ్గురున్నారు. పేర్లు రాసేది ఒకరు, ఎన్నిక నడిపేది ఒకరు, తగువు తీర్చేది ఒకరు."

"ముగ్గురు తోడికోడళ్ళన్నమాట," అంది నా భార్య నాతో తెలుగులో. "తరిగేది ఒకతె, వండేది ఒకతె, ఉప్పెక్కువైందనేది ఒకతె."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తే ఆవిడ టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. "మీ భార్య పెరూ వెళ్ళొచ్చిందా?" అని అడిగింది.

ఈ వరసలు నాకు ఎప్పుడూ గుర్తుండేవి కావు. ఒకసారి పెద్దక్కని తీసుకెళ్ళి బొలీవియాకి కట్టబెట్టాను. ఆ వారం ఫిజోవా పళ్ళు రాలేదు.

"చిలీది మీకు ఏ వరస?" అని ఒకనాడు అడిగాను.

"మా ఇంటిదానికి వరస చెప్తారా ఎవరైనా?" అంది. అప్పుడు చెప్పింది, వయసులో తాను అక్కడి ఓటర్ల నమోదు ఆఫీసులో పనిచేశానని. పెద్ద పెద్ద పుస్తకాల్లో ఓటర్ల పేర్లు చేత్తో రాసే ఉద్యోగం. సైన్యం వచ్చాక ఆ పుస్తకాలన్నీ తగలబెట్టారు. ఇంతే చెప్పి, నా భార్య వేసిన జంతిక విరిచి, రెండు ముక్కలూ సమానంగా ఉన్నాయా అన్నట్టు చూసుకుంది.

ఆవిడకి ఒక మాట ఊతపదం. అది మా తెలుగువాళ్ళందరికీ ఒక దీపావళి నాడు తెలిసింది. హాల్లో భోజనాలకి ముందు హౌసీ, అదే మన తంబోలా, ఆడిస్తున్నారు. ఆవిడ మా అతిథిగా వచ్చి, నా పక్కన నిటారుగా కూర్చుని, టిక్కెట్టు ఒళ్ళో పెట్టుకుంది. మైకు పట్టుకున్నవాడు చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డ కుర్రాడు, మంచి మాటకారి. డబ్బాలో చెయ్యి పెట్టి బిళ్ళ తీస్తాడు, చదువుతాడు, పక్కన పడేస్తాడు.

"రెండు బాతులు, ఇరవై రెండు!"

ఆవిడ లేచి నిలబడింది.

"చూపించు."

"ఏంటాంటీ?"

"బిళ్ళ. మాకు చూపించు."

"ఆంటీ, హౌసీయే కదా. ట్రస్ట్ మీ."

"నమ్ముతాను. అయినా చూపించు."

హాలంతా గొల్లుమంది. వెనక వరసలోంచి ఎవరో "ఆంటీని థర్డ్ అంపైర్‌గా పెట్టండ్రా" అన్నారు. పాపం ఆ కుర్రాడు అక్కణ్ణించి ప్రతి బిళ్ళా పైకెత్తి, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూపించాడు. ఆట ముగిసేసరికి పులిహోర చల్లారిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కారులో అన్నాను, "అందరిలో అతన్ని దొంగ అన్నట్టు కాలేదూ?"

"దొంగ అనుకుంటే నేను ఆడనే ఆడను," అంది. "చూపిస్తే అతనికే మంచిది. రేపు ఎవరైనా మాట తూలితే, అందరూ చూశారు అనగలడు."

మా ఇంట్లో పెద్దమనిషి మాట చెప్పాక "చూపించు" అనడం చెంపదెబ్బతో సమానం. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని ఒక సాయంత్రం కంచె దగ్గర మా తాతగారి మాట ఎత్తాను. ఆయన బతికున్నన్నాళ్ళూ ఊరికి ప్రెసిడెంటు ఆయనే అని, ప్రతిసారీ ఏకగ్రీవమే అని చెప్పాను.

"అంటే?"

"పోటీ ఉండేది కాదు. ఎవరూ నిలబడేవారు కాదు."

"ఎందుకు?"

"ఆయనుండగా ఎందుకు నిలబడతారు?"

"మరి ఓట్లు ఎవరు చదివేవారు?"

"ఓట్లే లేవు కదండీ చదవడానికి."

"పోబ్రె," అంది మెల్లగా. పాపం అని అర్థం. ఎవరు పాపమో నాకు తెలియలేదు. మా తాతగారా, మా ఊరా, లేక నేనా? ఆవిడ కర్ర కొసతో కంచె కింద గడ్డి కదిలిస్తూ ఉండిపోయింది.

తర్వాతి సంగతి ఆ రోజు నేను చెప్పలేదు. తాతగారి తర్వాత మా నాన్నగారు నామినేషన్ వేసేసరికి, మొట్టమొదటిసారి ఇంకొకాయన కూడా వేశాడు. నాన్నగారు గడప దాటి ఓటు అడగలేదు. అడగడం మా ఇంటా వంటా లేదు. ఓట్లు మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న బడిలో లెక్కపెట్టారు. ఆయన వెళ్ళలేదు, ఏజెంటుని కూడా పంపలేదు. లెక్క దగ్గర నిలబడితే ఊరిని అనుమానించినట్టని ఆయన ఉద్దేశం. చీకటిపడ్డాక ఎవరో వచ్చి గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డారు. దానితో తెలిసింది. అక్కణ్ణించి మా ఇల్లు ఒక్కొక్క మెట్టే దిగింది. మా నాన్నగారు పోయేదాకా ఒకే మాట అన్నారు, "ఓట్లు మనవే. లెక్కలో ఏదో జరిగింది." నేనూ అదే నమ్ముతూ ఈ దేశం వచ్చాను.

ఇక్కడ కూడా నేను ఓటు వేసేవాణ్ణి కాదు. నివాస హక్కు ఉన్నవాళ్ళకి ఈ దేశం ఓటు ఇస్తుంది. ఇస్తుంది గాని వచ్చి అడిగినవాడు లేడు. పిలవని పేరంటానికి వెళ్ళడం నా వల్ల కాదు. ఇది వినగానే ఆవిడ నన్ను ఎలా చూసిందంటే, నేను తెలుగులో మాట్లాడానేమోనని నాకే అనుమానం వచ్చింది.

రెండు వేల పదిహేడులో చిలీ వాళ్ళు, విదేశాల్లో ఉన్న తమ పౌరులకి మొదటిసారి ఓటు హక్కు ఇచ్చారు. ఆవిడ ఎంబసీకి వెళ్ళి పేరు నమోదు చేయించుకుని వచ్చింది. ఇంత కాలం తర్వాత ఓటు వేయబోతోందని మేము సంతోషించాం. ఆవిడకి కావలసింది ఓటొక్కటే కాదని తర్వాత తెలిసింది.

"ఒక్కసారి ఆ పోలింగు బల్ల దగ్గర కూర్చోవాలి," అంది.

అక్కడ పోలింగు నడిపేది ఉద్యోగులు కారట. మామూలు ఓటర్లలోంచే పేర్లు తీసి పిలుస్తారు. ఎవరికీ ఇష్టముండదు. ఆదివారమంతా కదలకుండా కూర్చోవాలి. పిలిచినవాడు రాకపోతే, ఆ ఉదయం వరసలో ముందు నిలబడ్డవాళ్ళని పట్టుకుని అతని కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. అందుకని అక్కడ తెలివైనవాడెవడూ పొద్దున్నే ఓటుకి వెళ్ళడు. వాళ్ళ నాన్న అయితే భోజనం చేసి, కునుకు తీసి, పట్టుకునేవాళ్ళు అలిసిపోయాక వెళ్ళేవాడట, దొరక్కుండా.

ఆవిడ దొరకాలనుకుంది. ఊరందరి పేర్లూ పుస్తకాల్లో రాసిన కాలంలో, నమోదు ఆఫీసులో పనిచేసేవాళ్ళు బల్ల దగ్గర కూర్చోకూడదన్నారు. ఆ తర్వాత కూర్చోవడానికి దేశమే లేకపోయింది.

"మీరే వెళ్ళి అడగొచ్చు కదా?" అన్నాను.

"అడిగి కూర్చుంటే అది నా కుర్చీ అవుతుంది. పట్టుకుని కూర్చోబెడితే ఓటరు కుర్చీ."

నాకు తేడా అంతుపట్టలేదు. పనిచేసే కుర్చీ కోసం తెల్లవారకముందే లేవడమూ అంతుపట్టలేదు. అయినా ఆదివారం నేనే కారులో తీసుకెళ్ళాను.

ఊళ్ళో ఎంబసీ వాళ్ళు తీసుకున్న హాలు ముందు మేమే మొదట. గాలి ఎముకలు కొరుకుతోంది. వెనక కొంతమంది చేరారు. కాసేపటికి టై కట్టుకున్న నడివయసు మనిషి ఒకాయన బయటికి వచ్చాడు. ఆ బల్లకి పెద్ద ఆయనే. రావలసినవాళ్ళలో ఒకరు రాలేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆయన వరస వంక చూడగానే వరస మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది.

ఆయన ఆవిడ కర్ర చూశాడు. తెల్లజుట్టు చూశాడు. గబగబా లోపలికి వెళ్ళి మెత్త వేసిన కుర్చీ ఒకటి మోసుకొచ్చి, కిటికీ పక్కన ఎండ పడేచోట వేసి, రెండు చేతులా పట్టుకుని ఆవిడని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళిచ్చాడు. తర్వాత ఆవిడ వెనక నిలబడ్డ అమ్మాయిని, చెవుల్లో పాటలు పెట్టుకున్న విద్యార్థినిని, వేలితో పిలిచాడు. ఆ పిల్ల ఉరికంబం ఎక్కినట్టు వెళ్ళింది.

ఓటు వేసి వచ్చాక అన్నాను, "చూశారా, ఎంత మర్యాద చేశాడో."

"దోన్ వెసీనో, కిటికీ పక్కన కుర్చీ నాకు ఇంట్లోనే ఉంది," అంది.

ఇంటి ముందు ఆగాక నేనే అడిగాను, బల్ల దగ్గర కుర్చీయే కావాలని అతనితో చెప్పి ఉండవలసింది కదా అని.

"అతను దయగా ఉన్నాడు," అంది. "దయగా ఉన్నవాడితో తగువు పెట్టుకోవడం ఎలాగో నేను నేర్చుకోలేదు."

ఆ ఎన్నికలో ఎవరికీ సగం ఓట్లు దాటలేదు. డిసెంబరులో మళ్ళీ పెట్టారు, ఇద్దరి మధ్య. అది తెలిసిన రోజు ఆవిడ మా వంటింట్లోకి వచ్చి నా భార్య తల వంక తేరిపార చూసింది.

"నీ జుట్టు ఇంత నల్లగా ఎలా ఉంది?"

"అది నాది కాదాంటీ, ప్యాకెట్‌ది," అంది నా భార్య.

ఓటుకి ముందురోజు మధ్యాహ్నం వెనక మెట్ల మీద ఆవిడ మెడకి పాత తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. నా భార్య చేతికి తొడుగులేసుకుని గిన్నెలో రంగు కలిపింది. నేను అటు వెళ్ళబోతే, "పెళ్ళికూతుర్ని చేస్తున్నానండీ, మీరు ఇటు రాకండి," అని అరిచింది. సాయంత్రానికి ఆవిడ జుట్టు కాకి రెక్కలా నల్లబడింది. ఒక చెవి తమ్మె కూడా నల్లబడింది. అది ఎంత రుద్దినా పోలేదు.

మర్నాడు పొద్దున్న హాలుకి కాస్త దూరంలో కారు ఆపమంది. దిగి, డిక్కీ తెరిపించి, కర్ర లోపల పెట్టి, దాని మీద ఆ తువ్వాలే కప్పింది.

"మెట్లున్నాయి," అన్నాను.

"ఉండనీ."

చెయ్యి అందించాను. తీసుకోలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, సముద్రం వైపు చూసినట్టు చూసి, మళ్ళీ ఎక్కింది. ఎవరైనా చూస్తే ఈవిడకి సముద్రమంటే ఎంత ఇష్టమో అనుకోవాలి. పైకి చేరేసరికి చొక్కా వీపున తడిసిపోయింది.

కిందటిసారి కూర్చోబెట్టిన విద్యార్థిని ఈసారి రాలేదు. టై కట్టుకున్నాయన బయటికి వచ్చాడు. వరస వెనక్కి జరిగింది. ఆయన నల్లజుట్టు మనిషిని చూసి, గుర్తుపట్టకుండానే, రమ్మని వేలు ఊపాడు. గుర్తింపు కార్డు తీసుకున్నాడు. చదివి తలెత్తాడు. వాళ్ళు స్పానిష్‌లో మాట్లాడుకున్నది తర్వాత ఆవిడే చెప్పింది.

"మీ వయసుకి మినహాయింపు ఉందమ్మా."

"అది అడిగినవాళ్ళకి. నేను అడగలేదు."

ఆయన ఆవిడ జుట్టు చూశాడు, చెవి చూశాడు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. తెరిచిన తలుపులోంచి నాకు కనిపించింది. ఆవిడ ఆ మామూలు చెక్క కుర్చీలో కూర్చుని, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, కదలకుండా ఉండిపోయింది. పిల్లి దొరికిన ఎండలో కూర్చున్నట్టు కూర్చుంది.

సాయంత్రం ఆవిడని తీసుకురావడానికి నేనూ నా భార్యా వెళ్ళాం. ఓటింగు అయిపోయింది, ఇక తలుపులు మూస్తారనుకున్నాను. బార్లా తీశారు. ఎవరైనా వచ్చి చూడొచ్చట. గోడ పక్కన నిలబడ్డాం. పెట్టె బోర్లించారు. చదివే పని ఆవిడకే ఇచ్చారు. మడత విప్పడం, చదవడం, అందరికీ కనబడేలా పైకెత్తి చూపించడం. ఈ చివర నుంచి ఆ చివర దాకా. మా హౌసీ కుర్రాడితో చేయించినట్టే. రెండు పేర్లనీ ఒకే గొంతుతో చదివింది. గీత లేని కాగితం వస్తే "బ్లాంకో" అని అదే గొంతుతో చదివి, ఆ ఖాళీ కాగితాన్ని కూడా అంతే సేపు చూపించింది.

"ఆంటీ ఎవరికేసిందో కనిపెట్టండి చూద్దాం," అంది నా భార్య చెవిలో.

మొహం చూసి ఓటు చెప్పగలవాళ్ళ ఇంట్లో పుట్టాను. ఎంత చూసినా కనిపెట్టలేకపోయాను.

నా భార్య ఫోను చూసుకుంది. "అక్కడింకా తెల్లారనే లేదండీ. వాళ్ళు ఓట్లు వెయ్యకుండానే ఈవిడ లెక్కపెట్టేస్తోంది." నిజమే. ఆ దేశంలో అందరూ పడుకుని ఉన్నారు. వాళ్ళు ఇంకా వెయ్యని ఎన్నికలో కొన్ని ఓట్లు ఇక్కడ చదవడం పూర్తవుతోంది. నేను గోడకి ఆనుకుని అది ఎలా సాధ్యమో రెండుసార్లు మొదటినుంచి ఆలోచించుకున్నాను. రెండుసార్లూ మధ్యలో తప్పిపోయాను.

అంతా ముగిసి, సంతకాలు పెట్టి బయటికి వచ్చేసరికి ఆవిడ కాళ్ళు నిలబడడం లేదు. కర్ర తెస్తానన్నాను.

"ఇప్పుడు కాదు. వాళ్ళు తలుపు దగ్గరే ఉన్నారు."

ఈసారి నా చెయ్యి తీసుకుంది. ఒక పక్క నేను, ఒక పక్క నా భార్య. ముగ్గురం సముద్రం చూస్తూ మెట్లు దిగాం.

కారులో వెనక సీటులో కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఆ చీకట్లో, రోడ్డు మీద కళ్ళు పెట్టుకుని, ఎందుకో నేను మా నాన్నగారి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరూ పరాయివాళ్ళకి చెప్పని సంగతి. నామినేషన్, బడి, గుమ్మంలో తలవంచుకున్న మనిషి, అన్నీ. నా భార్య కూడా అంత వరసగా అప్పుడే విని ఉంటుంది.

"బడి ఎంత దూరం?" అని వెనకనుంచి ఆవిడ అడిగింది.

"కూతవేటు."

"ఓట్లు పైకి చదివారా?"

"చదివే ఉంటారు. తెలీదు."

"ఎవరైనా చూపించారా?"

"చూడ్డానికి మావాళ్ళెవరూ వెళ్ళలేదు."

మా వీధి మలుపు తిరిగాక అంది, "అయితే మీ నాన్నగారు ఓడిపోలేదు, దోన్ వెసీనో. గెలవలేదు కూడా. ఆయన వినలేదు, అంతే."

ఆ మాట ఓదార్పో, చీవాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఓదార్పు అనుకున్న రోజున నాన్నగారి మీద జాలి కలుగుతుంది. చీవాటు అనుకున్న రోజున కూడా జాలే కలుగుతుంది. ఆవిడని అడిగితే తెలిసేది. అడగడం మా ఇంటి అలవాటు కాదు.

ఇంటి ముందు దిగాక, "ఇంతకీ గెలిచిందెవరు?" అని అడిగింది నా భార్య, ఆవిడని గుమ్మం దాకా నడిపిస్తూ.

"మన బల్ల దగ్గరా?" ఆవిడ ఆగి ఆలోచించింది. "అంకెలు పైకి చదివాను కదా. మీరు వినలేదా?"

నేను వినలేదు. ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు కర్ర ఇవ్వబోతే వద్దంది. ఇంట్లో ఇంకొకటి ఉందంది. "అది డిక్కీలోనే ఉండనీ. మళ్ళీ ఎన్నికలప్పుడు దాచడానికి వెతుక్కోనక్కర్లేదు." ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అడిగాను. అదే జవాబు. జుట్టు మెల్లగా మళ్ళీ తెల్లబడింది, చివర్లు మాత్రం చాలాకాలం నల్లగా ఉండి, కత్తిరింపుల్లో పోయాయి. ఈ ఏడు ఎల్ సాల్వడార్‌లో మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు కూడా మెట్ల మీద మంచినీళ్ళ గ్లాసుతో కనిపించింది. చలికాలం మొదట్లో ఒక సాయంత్రం మెట్లు ఖాళీగా ఉన్నాయి.

ఆవిడ సామాను తీసుకెళ్ళడానికి ఎవరో దూరపు బంధువులు వచ్చారు. అప్పుడైనా కర్ర ఇచ్చేయవలసింది. వాళ్ళని చూశాను, పలకరించాను, డిక్కీ మాత్రం తెరవలేదు.

ఇవాళ కారు కొనడానికి ఒక తెలుగబ్బాయి వచ్చాడు. పాపకూర అనే ఊళ్ళో ఉండగానే ఆన్‌లైన్‌లో బేరం మాట్లాడుకుని, వెల్లింగ్టన్‌లో ఉద్యోగం దొరికి ఇక్కడికి మారినవాడు. కారు చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, "అంతా బానే ఉందంకుల్. డిక్కీ కూడా క్లీన్‌గా ఉందిగా?" అన్నాడు.

"ఉంది," అన్నాను.

"మీ మాట మీద నమ్మకమేననుకోండి."

"నమ్ముదువుగాని. రా, చూపిస్తా," అని తీసుకెళ్ళి డిక్కీ తెరిచాను. అతను నవ్వి తొంగి చూశాడు. లోపల ఏమీ లేదు.

కర్ర అప్పటికే మేము కొనుక్కున్న కొత్త కారు డిక్కీలో, అదే తువ్వాలు కింద ఉంది. అతను వెళ్ళాక నా భార్య వచ్చి, మూత ఎత్తి చూసి, తువ్వాలు సర్దింది. ఎందుకు పెట్టారని అడుగుతుందేమోనని జవాబు వెతుక్కుంటున్నాను.

"మళ్ళీ ఎన్నికలెప్పుడండీ?" అంది.

"వాళ్ళవా, మనవా?" అన్నాను.

అన్నాక గాని, "మనవి" అన్నానని నాకు తెలియలేదు.